బెన్ క్రూఅకన్ ముసలమ్మ మీద కేసు కొట్టేయాలి

స్కాట్లండ్ హైలాండ్స్‌లో బెన్ క్రూఅకన్ అని 1,126 మీటర్ల కొండ ఉంది. గేలిక్‌లో ఆ పేరుకి అర్థం కుప్ప, మన గడ్డివామి లాంటిదన్నమాట. దాని కాళ్ల దగ్గరున్న సరస్సు పేరు 'ఆ'. అంతే, ఎవరో పిలిస్తే పలికినట్టు. సుమారు 41 కిలోమీటర్ల పొడవున్న నీళ్లకి ఒక్క అక్షరంతో సరిపెట్టారు.

ఈ సరస్సు ఎలా పుట్టిందని అడిగితే అక్కడి పాత కథ తప్పంతా కాల్యఖ్ అనే ముసలమ్మ నెత్తిన రుద్దుతుంది. కొండ మీది ఊటకి ఆమె కాపలా, రోజూ పొద్దుగూకగానే బండతో మూయాలి, తెల్లారగానే తీయాలి. ఒకరోజు మేకల్ని తోలి తోలి అలసిపోయి ఓ కునుకు తీసింది, ఊట పొంగి లోయంతా మునిగింది, ఆమేమో రాయైపోయింది. నోటీసు లేదు, విచారణ లేదు. ఆదివారం కూడా సెలవు లేని ఉద్యోగమండీ అది!

అసలు దోషి హిమానీనదం. లోయని తొలిచింది అదే. ఒకప్పుడు సరస్సు నీళ్లు నైరుతి కొస నుంచి పోయేవి, మంచు వచ్చి కొండ పక్కనే బ్రాండర్ కనుమని లోతుగా కోసి పెట్టాక, వెనక్కి తిరిగి అటు నుంచి సముద్రం దారి పట్టాయి. దీని మీద ఎవరైనా కేసు పెట్టారా? అది కరిగి ఎప్పుడో జారుకుంది.

ఇక 1965 సంగతి. కొండ కడుపులో ఒక కిలోమీటరు లోపల పవర్ హౌస్ కట్టారు. కరెంటు చవగ్గా దొరికే రాత్రిపూట సరస్సు నీళ్లని కొండ మీది జలాశయానికి తోడటం, జనానికి కరెంటు కావాల్సినప్పుడు మళ్లీ కిందికి వదలడం. మన శ్రీశైలం ఎడమగట్టులో ఉన్నవీ ఇలాంటి రివర్సిబుల్ టర్బైన్లే. తోడటానికి అయ్యే కరెంటు, దిగేటప్పుడు వచ్చేదానికన్నా ఎక్కువే, అయినా అవసరానికి అందడమే దాని విలువ, కాదనను. కానీ ముసలమ్మ ఒక్కసారి పొరపాటున వదిలింది, వీళ్లు టైంటేబుల్ వేసుకుని రోజూ వదులుతున్నారు. ఆమెకేమో శిలా శిక్ష, వీళ్లకేమో ఎలిజబెత్ రాణి చేత ప్రారంభోత్సవం. (ఆ కడుపు తవ్వడంలో 15 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లెవరూ కునుకు తీసినవాళ్లు కారు.)

అందుకే ముసలమ్మ మీద అభియోగం వెంటనే ఎత్తేయాలి, బకాయి జీతం ఇవ్వాలి. తిరిగి డ్యూటీకి మాత్రం పిలవొద్దు. రాత్రి షిఫ్టు ఎలాగూ పంపులు చూసుకుంటున్నాయి, ఆమెని పడుకోనివ్వండి.