రిలాప్స్ రాలేదని ఎంఎస్ మందు ఆపేయమంటారా?

ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడిచేసే జబ్బు. అది తిరగబెడితే రిలాప్స్ అంటారు, ఆ దాడి జరిగినచోట ఎమ్మారైలో మచ్చ కనబడుతుంది. చెన్నైలో మన తెలుగువాళ్ల గ్రూపుల్లో దీని గురించి మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది. "మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి ఏ మందు పడుతుందో ఒక్క రక్తపరీక్ష చెప్పేస్తుంది. మందు మొదలెట్టాక కొత్త మచ్చ కనబడితే మందు ఫెయిలైనట్టే. ఏడాది రిలాప్స్ రాకపోతే ఆపేయొచ్చు. డి విటమిన్ పౌడర్ రోజూ వేసుకుంటే చాలు. ఎమ్మారైకి ప్రతిసారీ డై అక్కర్లేదు." చదివి ఊరుకోవడం ఇక నావల్ల కాదు.

ఆ రక్తపరీక్ష కొలిచేది న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రోటీన్‌ని. నరాల తంతువులు దెబ్బతింటే అది పెరిగే మాట నిజమే. వయసు పెరిగినా, తలకు దెబ్బ తగిలినా కూడా పెరుగుతుంది. ఏ మందు పడుతుందో అది ముందే చెప్పదు.

కొత్త మచ్చ ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. మందు ఒంటికి పట్టేలోగా వచ్చిన మచ్చను మందు లెక్కలో వేయకూడదు. అందుకే మొదలెట్టిన 3 నుంచి 6 నెలల మధ్య ఒక ఎమ్మారై తీసి, తర్వాతివి దానితో పోలుస్తారు. మెషిన్ అదే ఉండాలి, స్లైసులు 3 మి.మీ. మించకూడదు. మందంగా తీస్తే చిన్న మచ్చ జారిపోయి, వచ్చేసారి కొత్తదిలా కనబడుతుంది. అగ్ని నక్షత్రం ఎండలో చూపు మసకబారి, నీడకొచ్చాక సర్దుకుంటే అది రిలాప్స్ కాదు. రిలాప్స్ అనాలంటే జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉండాలి.

ఇక ఆపేయడం! రిలాప్స్ రాలేదంటే మందు జబ్బును పట్టి ఉంచిందని, జబ్బు పోయిందని కాదు. ఫింగోలిమోడ్ అనే ఎంఎస్ మాత్ర లింఫోసైట్లను, అంటే నరాల మీద దాడిచేసే తెల్ల రక్తకణాలను, లింఫు గ్రంథుల్లోంచి బయటికి రానివ్వదు. మాత్ర మానేస్తే కొన్ని వారాల్లో అవి మళ్లీ రక్తంలోకి వచ్చేస్తాయి. కొందరికి మందు మొదలెట్టకముందు కంటే తీవ్రంగా తిరగబెడుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2018 నవంబరులో హెచ్చరించింది సరిగ్గా దీని గురించే. నటాలిజుమాబ్ అనే ఎంఎస్ ఇంజెక్షన్ ఆపినా కొన్ని నెలల్లో అదే ప్రమాదం. ఆ ఇంజెక్షన్ వాడేవాళ్లలో అరుదుగా మెదడు ఇన్ఫెక్షన్ తెచ్చే జేసీ వైరస్‌కి యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినా సొంతంగా మానకూడదు. తర్వాతి మందు ఎప్పుడు మొదలెట్టాలో న్యూరాలజిస్టు ముందే లెక్కవేసుకోవాలి. నడిచే మనిషి మంచాన పడితే ఫార్వర్డ్ చేసినవాళ్లు వచ్చి లేపుతారా?

60,000 యూనిట్ల డి విటమిన్ పౌడర్ వారానికోసారి వేసుకునేది. రోజూ వేసుకుంటూ పోతే కాల్షియం పెరిగి కిడ్నీలు పాడవుతాయి.

డై మాట మాత్రం ఒప్పుకుంటాను. పాత ఎమ్మారై పక్కన ఉంటే కొత్త మచ్చలు లెక్కపెట్టడానికి ప్రతిసారీ గాడోలీనియం డై అక్కర్లేదు. అయితే ఆ పాతది సీడీలో ఉండాలి, రిపోర్టు కాగితం చూసి మచ్చలు పోల్చలేరు.