ప్రార్థన అనగానే "మా ఆవిడ చేస్తది" అనే అన్నలకు

నిన్న రాత్రి హనుమకొండలో మా బంధువుల ఇంట్లో గృహ ప్రార్థన. పిల్లవాడికి ఇంటర్ పరీక్షలని పెట్టుకున్నారు. పాస్టరు గారు ఆ ఇంటి అన్నతో "కొడుకు తల మీద చేయి పెట్టి రెండు మాటలు ప్రార్థన చెయ్యండి" అన్నారు. ఆయన వంటింటి వైపు చూసి "మా ఆవిడ చేస్తది అయ్యగారూ" అన్నాడు. వదిన చేతికున్న పిండి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ప్రార్థన చేసింది. ఆయన అప్పటికే గేటు బయట ప్లాట్ల రేట్లు మాట్లాడుతున్నాడు. పిల్లవాడు కళ్లు మూసుకోలేదు, తండ్రి వెళ్లిన గుమ్మం వైపే చూస్తున్నాడు.

ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మాటలు రావంటే నమ్మను. ఇదే అన్న స్థలం గొడవలో కార్పొరేటర్ ముందు నిలబడి గంట సేపు వాదించాడు. ఇప్పుడు ప్రసంగం చెయ్యమని ఎవరడిగారు? "దేవా, మా వాడి భయం తీసెయ్యి" అంటే చాలు కదా! వాళ్ల హాల్లో సోఫా పైన అద్దాల ఫ్రేములో "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని ఉంటుంది. బైబిల్లో యెహోషువ ఆ మాట ముసలితనంలో, జనమందరి ముందు, తన నోటితో అన్నాడు. తప్పు చేస్తున్న కొడుకులను అడ్డుకోలేదని దేవుడు యాజకుడైన ఏలీనే నిలదీశాడు, వాళ్ల తల్లిని కాదు. పిల్లలను బోధలో పెంచమని పౌలు రాసింది "తండ్రులారా" అని పిలిచి. మన మగవాళ్లు ఆ పని సండే స్కూల్ టీచరమ్మకు అప్పజెప్పి బయట బండి మీద కూర్చుంటున్నారు.

డోర్నకల్ మనకు కొత్త కాదు, కాజీపేటలో రైలెక్కితే వెళ్లొచ్చు. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తల మీదే చేయి పెట్టించి "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పించేవారు. అక్షరం రాని కూలివాళ్లు ఆ మాట అన్నారు. డిగ్రీలు చదివిన వాళ్ల మనవళ్లకు సొంత కొడుకు కోసం నోరు పెగలడం లేదు.

సంఘం కమిటీ ఎన్నికలొస్తే మాత్రం అందరికీ నోరొస్తుంది. మా అమ్మ ఏళ్ల తరబడి మందిరం ఊడ్చింది, జంబుఖానాలు పరిచింది, శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపింది. ఎంజీఎం ఆసుపత్రిలో సంఘంవాళ్లు ఎవరున్నా అన్నం డబ్బా పట్టుకుని వెళ్లింది. ఆమెను కమిటీలో పెట్టమంటే "ఇంటికి పెద్ద మగవాడు కదమ్మా" అని పంపించేశారు. అమ్మ ఏమీ అనలేదు. నేను మాత్రం మర్చిపోలేదు. కుర్చీ దగ్గర గుర్తొచ్చే ఆ పెద్దరికం ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి బైబిల్ తెరిచేటప్పుడు ఎక్కడికి పోతోంది?

అన్నలారా, ఈసారి ఓటు అడగడానికి మా ఇంటికి రండి. ముందు మా హాల్లో కూర్చుని, మా పిల్లల పేర్లు అడిగి, వాళ్ల కోసం ప్రార్థన చెయ్యండి. అది చేసినవాళ్లకే మా ఇంటి ఓట్లు.