పైలట్ ట్రైనింగ్: ఎన్ని గంటలు కాదు, ఆ గంటల్లో ఏం నేర్పారని అడగండి

పైలట్ కావాలనుకునే ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని గంటలు ఎగరాలి?" అనే. జవాబు చెప్పడం ఎంతసేపు! ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లెక్క ప్రకారం, జీతానికి ఎగరనిచ్చే కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు, ఆమోదం ఉన్న కోర్సులో చేస్తే 150. ఆపైన ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకి 1500. అంకె దొరికింది కదా అని స్కూళ్లు కూడా దాన్నే అమ్ముతాయి: ఇన్ని నెలల్లో ఇన్ని గంటలు గ్యారంటీ అని. నాకు ఒళ్లు మండేది అక్కడే.

2009 ఫిబ్రవరిలో అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలి 50 మంది పోయారు. ఆ ప్రమాదం తర్వాతే అక్కడ ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా మామూలుగా 1500 గంటలు ఉండాలన్న రూలు 2013లో వచ్చింది. విడ్డూరమేంటంటే, ఆ కాక్‌పిట్‌లో ఉన్న ఇద్దరూ 1500 గంటలు ఎప్పుడో దాటేసినవాళ్లే. వేగం పడిపోయి, స్టాల్ (రెక్క పట్టు తప్పడం) రాబోతోందని హెచ్చరించే స్టిక్ షేకర్ వణుకుతుంటే కెప్టెన్ కంట్రోల్ కాలమ్‌ని (ముక్కుని ఎత్తి దించే పిడిని) ముందుకి నెట్టాల్సింది పోయి వెనక్కి లాగాడు. దీనికి గంటలు పెంచితే మందు అవుతుందా?

స్టాల్ అయ్యేది రెక్క, ఇంజిన్ కాదు. గాలికి రెక్కకి మధ్య కోణం మరీ పెరిగితే లిఫ్ట్ (విమానాన్ని పైకి మోసే బలం) పడిపోతుంది. కోణం తగ్గాలంటే ముందు ముక్కు దించాలి, పవర్ ఆ తర్వాత. నేల దగ్గర్లో కనిపిస్తుంటే ముక్కు దించడానికి ఎవరికీ చెయ్యి రాదు. అందుకే అది చేతికి అలవాటు కావాలి. చాలాచోట్ల స్టాల్ హెచ్చరిక హారన్ కూయగానే రికవర్ చేయించి పాఠం ముగించేస్తారు. పూర్తి స్టాల్‌లో ఒక రెక్క ఎలా జారుతుందో, దాన్ని ఐలరాన్‌తో (రెక్క చివర కదిలే పలకతో) లేపబోతే ఇంకా ఎలా చెడుతుందో చూడకుండానే లాగ్‌బుక్ నిండిపోతుంది.

మేఘాల్లో ఎగరడమూ అంతే. నెమ్మదిగా తిరిగే విమానంలో కాసేపటికి చెవి లోపలి ద్రవం సర్దుకుని, నేరుగా పోతున్నట్టే అనిపిస్తుంది. నిజంగా సరిచేసినప్పుడు అటువైపు పడిపోతున్నట్టు ఉంటుంది. ఒంటిని కాదు, డయల్స్‌ని నమ్మాలి. ఎండలో, అదే రన్‌వే చుట్టూ తిరుగుతూ పోగేసిన గంటలతో ఇది రాదు.

రెండింజిన్ల దగ్గరికి వచ్చేసరికి తొందరే శత్రువు. టేకాఫ్‌లో వీ1 (ఇక ఆగకుండా ఎగరాల్సిన వేగం) దాటాక ఒక ఇంజిన్ పోతే ముక్కు ఆ వైపుకి తిరుగుతుంది. అవతలి రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) నిలబెట్టాలి, ఎక్కుతోందని ఖాయమయ్యాక గేర్ (చక్రాలు) ఎత్తాలి. ఇంజిన్ లీవర్ల సంగతి కాస్త ఎత్తు వచ్చాకే. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్ఏషియా 235 పైలట్లు ఒక ఇంజిన్ పోయాక, బాగున్న రెండోదాన్ని ఆపేశారు. ఒకరు లీవర్ మీద చెయ్యి వేసి పేరు చెప్పాక, రెండోవాళ్లు చూసి అవునంటేనే కదపాలి. ఇద్దరు పైలట్లు కలిసి పనిచేయడం నేర్పే ఎంసీసీ కోర్సు ఉన్నది ఈ అలవాటు కోసమే. దాన్ని సర్టిఫికెట్ కోసం చేసే తంతు అనుకునేవాళ్లని చూస్తే భయమేస్తుంది.

లైసెన్సు చేతికొచ్చినా ఇంకా సగం దారే. ఫలానా విమానానికి టైప్ రేటింగ్ (ఆ మోడల్ నడపడానికి అర్హత), అసలు విమానంలో ల్యాండింగ్‌లు (యూరప్‌లో మామూలుగా ఆరు), తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన ప్రయాణికులతో లైన్ ట్రైనింగ్. ఉద్యోగం వచ్చాక కూడా సిమ్యులేటర్ చెక్‌లు తప్పవు.

డబ్బు కట్టేముందు క్లాస్ 1 మెడికల్ (కమర్షియల్ పైలట్లకి ఉండే ఆరోగ్య పరీక్ష) చేయించుకోండి. రంగుల చూపు తేడాగా ఉంటే ఫీజు కట్టాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు. స్కూలుకెళ్తే మూడు అడగండి. ఈ రోజు ఎగరగలిగే విమానాలు ఎన్ని, విద్యార్థులు ఎంతమంది? పూర్తి స్టాల్ చేయిస్తారా, హారన్ దాకానేనా? మధ్యలో స్కూలు మూతపడితే మిగిలిన ఫీజు గతేంటి? మూడోదానికి నోటిమాట చాలదు, కాగితం మీద రాయించుకోండి. మొత్తం ఒకేసారి కట్టమంటే వేరే స్కూలు చూసుకోండి.