ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి సినిమావాళ్ల ఆస్తి కాదు

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ గురించి వాట్సాప్‌లో తరచూ ఓ మాట కనిపిస్తుంది: "సినిమా నిర్మాత పేరు కోసం కట్టుకున్న ఆస్పత్రి. వాళ్ల కుటుంబం వ్యాపారం. పరిశోధన అంటారు గానీ అది బోర్డు మీదే." చదివినప్పుడల్లా బాధేస్తుంది.

పేరు కోసం కట్టుకున్నారా? ఆస్పత్రి ఆలోచన నిర్మాతది కాదు, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుది. గుంటూరులో వైద్యం చదివి, అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసి, తిరిగొచ్చారు. ఎల్వీ ప్రసాద్ కోటి రూపాయలు, 5 ఎకరాల స్థలం ఇచ్చారు. 1987లో మొదలైన సంస్థకు ఆ గుర్తుగానే ఆయన పేరు పెట్టారు.

కుటుంబ వ్యాపారమా? ప్రసాద్ కుటుంబానికి సంస్థతో అనుబంధం ఉంది, అందులో దాచాల్సిందేమీ లేదు. కానీ ఇది లాభాపేక్ష లేని ట్రస్టు. వాటాలుండవు, మిగులు పంచుకునే వీల్లేదు. డబ్బు కట్టగలిగినవాళ్ల ఫీజులతో కట్టలేనివాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు జరుగుతాయి.

ఇక పరిశోధన. దాని కోసమే హైదరాబాద్ ఐ రీసెర్చ్ ఫౌండేషన్ అని వేరే సంస్థ ఉంది. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మంది కళ్లు పరీక్షించారు. చూపు పోయినవాళ్లలో సగానికి పైగా శుక్లాల వల్లో, సరైన కళ్లద్దాలు లేకో అలా అయ్యారని తేలింది. అంటే పెద్ద మిషన్లకన్నా ముందు ఊళ్లో కళ్లు చూసే మనిషి కావాలి. పల్లెల్లో విజన్ సెంటర్లు, అంటే చిన్న కంటి పరీక్షా కేంద్రాలు పెట్టి, స్థానిక యువతకే శిక్షణ ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఇంకొకటి చెప్పకపోతే మనసొప్పదు. కిళ్లీ సున్నం ప్యాకెట్‌తో పిల్లలు ఆడుకుంటుంటే అది పగిలి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు అంచున ఉండి దాని పై పొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు చచ్చిపోయి కన్ను తెల్లబడిపోతుంది. దీన్ని బాగుచేయడానికి ఒకప్పుడు, దెబ్బతినని రెండో కంటి నుంచి కణాలు తీసి ల్యాబ్‌లో రోజుల తరబడి పెంచాల్సి వచ్చేది. అప్పట్లో ఇక్కడ పనిచేసిన డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ప్రచురించిన పద్ధతిలో మంచి కంటి నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, దాని మీద జిగురుతో అంటిస్తారు. కణాలు కంట్లోనే పెరుగుతాయి. ల్యాబ్ అక్కర్లేదు కాబట్టి, అది లేని ఊళ్లో ఉన్న కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) సర్జన్ కూడా ఈ ఆపరేషన్ చేయొచ్చు.