నేషనల్ హైవే 44 గారికి రెండు సైకిళ్లు రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ నేషనల్ హైవే 44 గారికి, మీ తెల్లగీత అంచున తొక్కుకుంటూ వచ్చిన భార్యాభర్తలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీకేంలెండి, దేశంలో మీకన్నా పొడుగు హైవే లేదు, శ్రీనగర్‌లో తలపెట్టి కన్యాకుమారిలో కాళ్లు చాపుకుని 3,700 కిలోమీటర్ల పైనే పడుకున్నారు. మా కర్నూలు వైపు పెద్దోళ్లు మాత్రం ఇంకా మిమ్మల్ని ఏడో నంబరు రోడ్డనే అంటారు, 2010లో నంబర్లు మార్చారని వాళ్లకెవరూ చెప్పలేదు, ఫీల్ అవకండి.

ఒక్కటే డౌటండీ. మీ లెక్కలో మేమెవరం? టోల్ గేటు దగ్గర బోర్డు మొత్తం చదివాం, కారు, జీపు, బస్సు, లారీ, ఎన్ని యాక్సిళ్లుంటే ఎంత, అన్నీ ఉన్నాయి, రాష్ట్రపతి గారి నుంచి మొదలుపెట్టి ఎవరెవరు కట్టక్కర్లేదో దానికి ఇంకో బోర్డు, సైకిలు ఊసే లేదు. పోన్లే ఫ్రీ కదా అని పక్క సందులో దూరితే అటునుంచి రాంగ్ రూట్లో బైకు, దానిమీద ముగ్గురు, తిట్లు మాత్రం మాకే.

ఇక మీ తెల్లగీత బయట అంచు, అదే ఆ షోల్డర్, మాకోసమే అనుకున్నాం కానీ అది లారీలు పడుకునే చోటట. మిగిలిన జాగాలో గాజు పెంకులు, పేలిన లారీ టైర్ల ముక్కలు. ఆ ముక్కల్లో సన్నటి స్టీలు తీగలుంటాయి, మన కంటికి కనపడవు, మన ట్యూబుకి మాత్రం భలే కనపడతాయి. ఎండలో కూచుని ప్యాచ్ వేసి గాలి కొట్టి బయల్దేరితే కాసేపటికే మళ్లీ ఉస్స్, ఎందుకంటే తీగ టైర్లోనే ఉండిపోయింది, లోపల వేలు పెట్టి తడిమి పీకితే గానీ రాదు.

పెంచ్ అడవి దగ్గర మాత్రం మీమీద గౌరవం పెరిగిందండీ, నిజంగా. సివనీ నాగపూర్ మధ్య, మహారాష్ట్ర వైపు, పులులు దాటడానికి మీ కింద 9 దారులు వదిలారట, అందులో పొడుగైంది 750 మీటర్లట, కెమెరాలు పెట్టి చూస్తే పులులు బుద్ధిగా అందులోంచే పోతున్నాయట. పైన మేము లారీ గాలికి ఊగిపోతూ రెయిలింగ్‌కి అతుక్కుని పోతుంటే మా ఆయన "చారలు వేయించుకుని రావాల్సిందే" అన్నాడు.

సైకిలంటే మన దేశంలో అసలు గౌరవం లేదని కూడా అనలేం. హైదరాబాద్‌లో ఔటర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, పైన సోలార్ ప్యానెళ్ల కప్పు, నీడకి నీడ, కరెంటుకి కరెంటు. బానే ఉంది, పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని తొక్కి ఇంటికెళ్లి జ్యూస్ తాగేవాళ్లకి. మీ అంచున మాకు రోజూ కనపడింది వేరే జనం, పాలక్యాన్లు కట్టుకున్న పెద్దాయన, బడిసంచీతో ఆడపిల్లలు, షిఫ్టు దిగి ఇంటికెళ్లే కూలీలు, వాళ్లకి హెల్మెట్టూ లేదు వెనక లైటూ లేదు, మేమంటే సరదాకి వచ్చాం, వాళ్లకి రేపు కూడా మీరే గతి.

ఇంక నా గొడవ. మీకు సైకిలే కనపడదంటే, మీ పక్కన టీ కొట్లోళ్లకి అందులో రెండో సైకిలు అసలే కనపడదు. ఎక్కడినుంచి, ఎక్కడికి, రోజుకెంత, గేర్లెన్ని, అన్ని ప్రశ్నలూ ఆయనకే, నేనేదో ఆయన లగేజీ అన్నట్టు. జడ్చర్ల దగ్గర ఒకాయన "ఏందన్నా, అక్కను గిట్ల ఎండల తిప్పుతున్నవ్, బస్సెక్కియ్యరాదే" అన్నాడు. అనంతపురం దాటాక ఎదురుగాలికి నా వెనకాల నక్కి నక్కి తొక్కింది ఎవరో ఆ అన్నకి చెప్పేవాళ్లే లేరు!

కాబట్టి అయ్యా, పులికిచ్చినంత వద్దు. అంచున ఒక మీటరు ఇప్పించండి, అక్కడ లారీని పడుకోనివ్వకండి, అప్పుడప్పుడు ఊడ్పించండి.

ఇట్లు,
మీ బోర్డు మీద లేనివాళ్లు

తా.క.: మా ఆయన కూడా విడిగా రాద్దామనుకున్నాడు గానీ సీటు దయవల్ల ఇంకా కూచుని రాసే పరిస్థితిలో లేడు.