మిడిల్ బెర్త్‌కి, మెడ పట్టేసిన ఒక ప్యాసింజర్ రాయునది ఏమనగా

ప్రియమైన మిడిల్ బెర్తూ,

ఇచ్చట నేను క్షేమం అని మొదలెడదామంటే చెయ్యి రావట్లేదు, నిన్న పొద్దున తునిలో దిగినప్పట్నుంచీ మెడ ఎడమ పక్కకి తిరగట్లేదు, మా అమ్మ అమృతాంజనం సీసా సగం ఖాళీ చేసేసింది, ఎవరైనా ఎడమ పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సొస్తోంది. అచ్చట నువ్వు క్షేమమే అని నాకు తెలుసులే. ఇనప రేకు మీద రెగ్జిన్ కుట్టిన దానివి, నీకేం పోయేకాలం.

అసలు నువ్వు ఉన్నావా లేవా అనేది నాకు పదిహేనేళ్ళుగా తేలని విషయం. టికెట్ మీద ఉంటావు. చార్ట్‌లో ఉంటావు. తీరా రాత్రి ఎనిమిదింటికి సికింద్రాబాద్‌లో బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చి చూస్తే నిన్ను వెనక్కి దించేసి, వీపు ఆన్చుకునే బల్లని చేసేసి, ముగ్గురు కూర్చుని పల్లీలు ఒలుచుకు తింటూ ఉంటారు. నేను డబ్బులు కట్టిన మంచాన్ని వాళ్ళు వీపులతో అదిమి పట్టుకుని "ఏ బెర్త్ బాబూ మీది?" అని నన్నే అడుగుతారు. మీ వెనకాలున్నదే అండి అని ఎలా చెప్పను. హిరణ్యకశిపుడు అడిగిన వరం గుర్తుందా, భూమ్మీద కాదు ఆకాశంలో కాదు, లోపల కాదు బయట కాదు, పగలు కాదు రాత్రి కాదు అని. ఆయనకి స్తంభం దొరికింది గానీ రైల్వే వాళ్ళైతే అన్నీ లెక్కేసి నిన్నే అలాట్ చేసుండేవాళ్ళు.

డబ్బుల దగ్గర మాత్రం తేడా ఏం లేదు. కిందవాడు ఎంత కట్టాడో నేనూ అంతే, పైవాడూ అంతే. కిందవాడికి కిటికీ, కూర్చునే హక్కు, చార్జింగ్ పాయింటు, చెప్పుల మీద నిఘా. పైవాడికి ఏకాంతం, ఎక్కాక పొద్దున దాకా వాణ్ణి అడిగే నాథుడు లేడు. నాకు నువ్వు. ఫ్యాన్ గాలి పైవాడికి, కిటికీ గాలి కిందవాడికి, మధ్యలో నాకు ఇద్దరి గురక.

బుక్ చేసేటప్పుడు లోయర్ ప్రిఫరెన్స్ అని టిక్ పెడతాను. అరవై రోజుల ముందు పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుని మరీ పెడతాను. అయినా నువ్వే వస్తావు. అరవై దాటిన పెద్దాళ్ళకి, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి లోయర్ కోటా ఉంది, ఉండాల్సిందే, దాని గురించి నాకు పేచీ లేదు. కానీ నాకు ముప్పై ఆరేళ్ళు, మగపుటక పుట్టాను, మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి, అంటే ఆ కంప్యూటర్ దృష్టిలో నేను పుట్టిందే నీ కోసం. పండగ ముందు తత్కాల్‌లో పదకొండింటికి కొట్టినా అంతే, గిరగిరా తిరిగి తిరిగి చివరికి నువ్వే దర్శనమిస్తావు, అప్పుడు మాత్రం దొరికిందే మహాభాగ్యం అని కళ్ళకద్దుకుంటాను లే, అది వేరే విషయం.

నంబర్ చూసి బెర్త్ ఏదో చెప్పడం చిన్నప్పుడు మా నాన్న నేర్పాడు. నంబర్ని ఎనిమిదితో భాగించు, ఒకటో నాలుగో మిగిలితే కింద, మూడో ఆరో మిగిలితే పైన, ఏడు మిగిలితే సైడ్ లోయరు, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పరు. రెండు గానీ అయిదు గానీ మిగిలితే ఏంటి నాన్నా అంటే ఆయన ఏం మాట్లాడకుండా నా తల నిమిరాడు. పాత నీలం పెట్టెలో 72 బెర్తులుంటే అందులో 18 మీవే. కొత్తగా వచ్చే ఎల్‌హెచ్‌బీ రకం స్లీపర్ పెట్టెలో 80 అయ్యాయి, మీరు ఇరవై మంది అయ్యారు. మీ వంశం వర్ధిల్లుతూనే ఉంది.

జీవితంలో ఒక్కసారి నాకు లోయర్ వచ్చింది. ఆ రోజు ప్లాట్‌ఫాం మీద నా నడకే వేరు. కూర్చుని రెండు నిమిషాలు కాలేదు, ఒక పెద్దావిడ వచ్చి ఏమీ అడక్కుండా ముందు మోకాలు పట్టుకుంది. "బాబూ, కుర్రాడివి కదా, నాది మధ్యది ఇచ్చాడమ్మా, ఎక్కలేను" అంది. ఇంక కుర్రాడివి కదా అన్నాక మనం ఏం మాట్లాడతాం. ఇచ్చేశాను. ఇచ్చినందుకు బాధలేదు గానీ పది నిమిషాలకే ఆవిడ కిందవాళ్ళ పార్టీలో చేరిపోయింది, నేను తొమ్మిదింటికి "అమ్మా, బెర్త్ వేసుకోనా" అంటే "అప్పుడేనా, కాసేపు నడుం నిలబెట్టి కూర్చోనీ నాయనా" అంది. నా బెర్తే, నేనిచ్చిందే. నడిమంత్రపు సిరి అంటే ఏంటో ఆ రోజు అర్థమైంది.

సరే మొన్నటి రాత్రి సంగతికొద్దాం, అసలు ఉత్తరం రాస్తోంది దాని గురించే.

మొన్న నా కింద ఒక పెద్దాయన. మనిషి చాలా మంచివాడు, అదే సమస్య. తొమ్మిదింటికి నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి, ఆఫీసులో మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. నిన్ను పైకి లేపితే కింద ఎవడూ నిటారుగా కూర్చోలేడు, మెడ వంచుకుని పెళ్ళికూతుర్లా కూర్చోవాలి, కాబట్టి అడగడానికి నాకు మొహమాటం. తొమ్మిదిన్నరకి అడిగాను. "వేసుకుందాం లెండి, ఒక్క ముద్ద తినేసి" అని నాలుగు గిన్నెల క్యారియర్ తీశాడు. గిన్నె తర్వాత గిన్నె అలా విడిపోతూనే ఉంది. పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం, దాంట్లోకి మాగాయ టెంక. ఆ టెంక చీకడానికి ఆయన తీసుకున్న టైంలో బండి జనగామ దాటింది. ఇంక ఈసారి గట్టిగా అడిగేద్దాం అని నేను గొంతు సవరించుకునేలోపు "తీసుకోండి, ఇంట్లో చేసిందే" అని నా చేతిలో ఒక బొబ్బట్టు పెట్టాడు. నెయ్యి కారుతోంది. బొబ్బట్టు తిన్న నోటితో నిద్దరొస్తోందండీ అని ఎలా అడుగుతాం చెప్పు.

తర్వాత బావమరిదికి ఫోను, స్పీకర్ పెట్టి. పొలం గట్టు తగాదా. కాజీపేట వచ్చేసరికి ఆ సర్వే నంబరు, అందులో ఎవరికి ఎన్ని సెంట్లు, గట్టు మీద రెండు తాటిచెట్లు ఎవరివి, అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి, రేపు కోర్టులో సాక్ష్యానికి పిలిస్తే చెప్పేస్తాను.

రూల్ నాకు తెలుసు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నువ్వు నాదానివి. ఇంతకుముందు తొమ్మిది నుంచే ఉండేది, నిద్ర పేరు చెప్పి ఎక్కగానే బెర్తులు వాల్చేస్తున్నారని గొడవలైతే 2017లో పదికి జరిపారు. ఆరోగ్యం బాలేనివాళ్ళు, గర్భిణీలు ఎక్కువసేపు పడుకుంటే మిగతావాళ్ళు సహకరించండి అని కూడా అందులో ఉంది. బొబ్బట్టు పెట్టినవాడితో ఎలా మాట్లాడాలో మాత్రం రాయలేదు. పోనీ టీసీకి చెప్దామా అంటే ఆయన చుట్టూ వెయిటింగ్ లిస్ట్ వాళ్ళు పెళ్ళివారిలా మూగి ఉన్నారు, నేను వెళ్ళి సార్ మా కిందాయన ఇంకా పడుకోవట్లేదు అంటే ఏం బాగుంటుంది, ఒకటో తరగతి పిల్లాడి కంప్లయింట్‌లా.

పది ముప్పై అయిదుకి ముహూర్తం కుదిరింది. నిన్ను ఎత్తడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఒకడు భుజం పెట్టాలి, ఒకడు గొలుసు తగిలించాలి. ఒక పక్క కొక్కెం ఠక్కున పడుద్ది, రెండోది పడదు, అది పడేలోపు మొదటిది ఊడుద్ది. (ఇది చదివేవాళ్ళకి: రెండు గొలుసులూ పడ్డాక గట్టిగా రెండుసార్లు కిందకి లాగి చూసుకోండి, మీది కాకపోయినా సరే, కింద పడుకునేవాళ్ళు కూడా చూసుకోండి. ఇందులో ఎటకారం లేదు.)

ఆ తర్వాత ఎక్కడం. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు నన్ను నేను అడ్డంగా లోపలికి తోసుకోవాలి. కూర్చోలేను, పైన పైవాడి బెర్త్ నెత్తికి తగులుద్ది. పక్కకి తిరగాలంటే ముందు ప్లాన్ వెయ్యాలి. తల కిటికీ వైపు పెడితే పాదాలు నడవాలోకి వస్తాయి, వచ్చేపోయేవాళ్ళందరూ వాటికి నమస్కారం పెట్టినట్టు తల తగిలించి నన్నే తిడతారు. తల నడవా వైపు పెడితే ఇంకా దరిద్రం. నువ్వు ఎంత ఎత్తులో ఉంటావో ఎవరైనా కొలిచారో లేదో గానీ నేను కొలిచాను, సరిగ్గా నిలబడ్డ మనిషి మొహం ఎత్తులో. కిందవాడికి కాళ్ళు కనబడతాయి, పైవాడికి బట్టతలలు కనబడతాయి, నాకు మొహాలు. కళ్ళు తెరిచినప్పుడల్లా జానెడు దూరంలో తెలీని మొహం. ఖమ్మం దగ్గర ఒకాయన నా మొహంలో మొహం పెట్టి ఆవలించాడు, మా ఇద్దరి మధ్య అంత చనువు ఎప్పుడొచ్చిందో తెలీదు.

విజయవాడ రెండింటికి వచ్చింది. బెజవాడలో నిద్రపోయినవాడు చరిత్రలో లేడు. ఇడ్లీ వడా ఇడ్లీ వడా, చాయ్ చాయ్, సూట్‌కేసు చక్రాల చప్పుడు, "నలభై ఏడు ఎక్కడండీ" అంటూ ఫోన్ టార్చి. ఆ టార్చి కిందకీ వెయ్యరు పైకీ వెయ్యరు, చెయ్యి ఎత్తి పట్టుకున్న మనిషి లైటు తిన్నగా నా కంట్లోనే పడుద్ది. నేను కళ్ళు మూసుకునే "సైడ్ లోయరు, ఇంకా ముందుకెళ్ళండి" అన్నాను. మా నాన్న లెక్క అర్ధరాత్రి కూడా పనిచేస్తుంది.

ఆ మెలకువలోనే బాత్రూంకి దిగాను. చీకట్లో కాలు పెడితే మెత్తగా తగిలింది, కిందాయన చెయ్యి. "పర్లేదు బాబూ" అన్నాడు నిద్రలోనే, చెప్పాగా మంచివాడని. చెప్పుల్లో ఒకటే దొరికింది. రెండోది ఎవరో తన్నుకుంటూ తన్నుకుంటూ పక్క కంపార్ట్‌మెంట్ దాకా పంపించారు, ఒంటి చెప్పుతో వెళ్ళి ఇంకొకళ్ళ బెర్త్ కింద మోకాళ్ళ మీద వంగి వెతుకుతుంటే అక్కడావిడ లేచి తన బ్యాగు గుండెలకి హత్తుకుంది.

మళ్ళీ నిద్ర పట్టిందో లేదో తెలీదు గానీ చప్పుడు మారింది. గోదావరి. కళ్ళు మూసుకున్నా బ్రిడ్జి చప్పుడు మా జిల్లా వాడికి ఎవడికైనా తెలిసిపోద్ది. కింద పెద్దాయన పక్క మీద ఒత్తిగిలి కిటికీ షట్టర్ ఎత్తి, నాణెం విసిరి "గోదారమ్మ తల్లీ" అనుకున్నాడు, ఎదురుగా కింద పడుకున్న చిన్నపిల్ల కూడా లేచి చూస్తోంది, నేను మెడ వంచి వంచి చూస్తే నాకు కనబడింది కిటికీ పై అంచూ, ఒక వేలెడు తెల్లటి ఆకాశం. ఈ మెడ పట్టింది అక్కడే. నా గోదావరి నాకు కనబడకుండా నా కిందనుంచే వెళ్ళిపోయింది. పక్కనున్న పాత హేవలాక్ రైలు బ్రిడ్జికైతే 1997లో రిటైర్మెంట్ ఇచ్చి పంపించారు, నీకెప్పుడో.

రాజమండ్రిలో బండి ఆగినప్పుడు కింద నుంచి టక్ టక్ అని కొట్టాడు. "బాబూ, లేచావా? గోదారి చూశాక ఇంక నిద్దర పట్టదు, కాస్త దించుకుందామా" అని. టైం చూశాను, అయిదుంపావు. ఆరు దాకా నాది అండి అందామనుకున్నాను. నోట్లో ఇంకా బొబ్బట్టు రుచి ఉంది. దించేశాం. రాత్రి ఆయన వల్ల పడుకోలేదు, పొద్దున ఆయన వల్ల లేచాను, మధ్యలో నేను డబ్బులు కట్టిన మంచాన్ని వెనకాల పెట్టుకుని ఆయన బెర్త్ చివర ఒక పిర్ర ఆన్చి కూర్చున్నాను. ఆయన హాయిగా నిన్ను ఆనుకుని "మంచి నిద్ర పట్టింది" అన్నాడు.

ఒక్క విషయంలో నీ మీద జాలి లేకపోలేదు. లాలూ ప్రసాద్ గారు రైల్వే మంత్రిగా ఉన్న రోజుల్లో నీకో తమ్ముణ్ణి పుట్టించారు, సైడ్ మిడిల్ అని, సైడ్ లోయరుకీ సైడ్ అప్పరుకీ మధ్య సందులో దూర్చి, పెట్టెకి 72 ఉన్న బెర్తుల్ని 81 చేసి. ఒకసారి అందులో పడుకున్నాను. పడుకున్నాను అనడం కూడా తప్పు, పుస్తకాల మధ్య పేజీ గుర్తు పెట్టినట్టు ఉన్నాను. జనం తిట్టిన తిట్లకి తర్వాత పీకేశారు. వాణ్ణి తల్చుకుంటే నువ్వే నయం అనిపిస్తావు, నిన్ను తిట్టడానికి కూర్చున్నప్పుడల్లా వాడు గుర్తొచ్చి సగం కోపం తగ్గిపోద్ది, బహుశా వాణ్ణి పెట్టింది కూడా అందుకేనేమో.

ఈ ఉత్తరం రాయడం ఆపి ఇందాకే ఆదివారం రాత్రికి తిరుగు టికెట్ స్టేటస్ చూశాను. వెయిటింగ్ 14 నుంచి ఎక్కి కన్ఫర్మ్ అయ్యింది. ఎస్6, 37. ఎనిమిది నాలుగులు ముప్పై రెండు.

ఇట్లు,
నీ అయిదో శేషం