పిల్లలు భయం పోగొట్టుకోడానికి చెప్పుకున్న కథ మీ విరాళాల కోసం కాదు

ఇప్పుడే అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో విరాళాలు అడిగే వీడియో ఒకటి వచ్చింది, చూసిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. అందులో ఉన్నది మా చెల్లి కూతురు. వాళ్ళది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచేసినప్పుడు నీళ్ళల్లో ఇరుక్కుపోయిన పిల్ల, ఇప్పటికీ చినుకు పడితే చాలు స్కూల్ బ్యాగ్ తీసి బీరువా మీద పెట్టేస్తుంది. అలాంటి పిల్లల కోసమని ఒక సంస్థవాళ్ళు డిజిటల్ స్టోరీటెల్లింగ్ అని వర్క్‌షాప్ పెట్టారు, పిల్లలే బొమ్మలు గీసి, వాళ్ళ గొంతుతోనే ఫోన్లో చెప్పి, రెండు మూడు నిమిషాల వీడియో చేసుకోవడం. చాలా మంచి పద్ధతి అది. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు ముక్కలుముక్కలుగా ఉన్నవాటిని పిల్లే ఒక వరసలో పెట్టుకుంటుంది, వద్దనిపిస్తే ఆపేస్తుంది, చెరిపేసి మళ్ళీ చెప్తుంది. ఆ వరదలో దాని చేతిలో ఏమీ లేదు, ఇక్కడ అన్నీ దాని చేతిలోనే ఉంటాయి, భయం తగ్గేది అందుకే.

అది చేసుకున్న అసలు వీడియో మా చెల్లి ఫోన్లో ఉంది. బ్రౌన్ క్రేయాన్‌తో ఇల్లు కిటికీల దాకా నింపేసింది, డాబా మీద అందరూ, పైన భోజనం పొట్లాలు తెచ్చిన డ్రోన్. సగం కథ ఆ డ్రోన్ గురించే, తమ్ముడు దానికి టాటా చెప్పాడని ఒకటే నవ్వు. తాతయ్యని బోటు ఎక్కించారని చెప్పేటప్పుడు మాత్రం ఏడుపొచ్చేసింది.

ఆ సంస్థవాళ్ళేం చేశారండీ, డ్రోన్ మొత్తం కోసేశారు. ఏడుపు ఉంచారు. మొహం జూమ్ చేసి, వెనక వయొలిన్ పెట్టి, చివర్లో లోగో, క్యూఆర్ కోడ్!

ఫోన్ చేసి అడిగితే మీ చెల్లెలు సంతకం పెట్టిందిగా మేడం అంటున్నారు. ఇంగ్లీషు కాయితం మీద పెట్టించుకున్న సంతకం. మరి పిల్లని అడిగారా? కాలిఫోర్నియాలో 1990ల్లో ఈ పద్ధతి మొదలుపెట్టిన జో లాంబర్ట్ వాళ్ళు గట్టిగా చెప్పేది ఒకటే, కథ చెప్పినవాళ్ళది, ఎవరికి చూపించాలో వాళ్ళిష్టం అని. ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ నేర్చుకొచ్చారు.

అసలు ఇది మన టీవీల దగ్గర మొదలైన రోగం. ఇంట్లో తండ్రి శవం లేవకముందే పిల్లాడి మూతి దగ్గర గొట్టం పెట్టి నీకెలా ఉంది బాబూ అని అడిగేవాళ్ళని ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చున్నాం, ఛానెల్ మార్చామా? నేరాల్లో బాధితులైన పిల్లల పేరూ ఫొటో బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తోంది, పోక్సో కూడా చెప్తోంది. వరదలో చిక్కుకున్న పిల్లకి ఆ మర్యాద అక్కర్లేదా? క్లాసులో మా పిల్లని ఏడుపు వీడియో అని పిలుస్తున్నారంట, రేపట్నుంచి స్కూలుకి వెళ్ళనంటోంది.

ఆ వీడియో తీసేసేదాకా నేను ఊరుకోను. మీ గ్రూపుల్లోకి వస్తే దయచేసి ఫార్వార్డ్ చెయ్యకండి, అయ్యో పాపం అని కూడా పెట్టకండి, డిలీట్ చేసి పంపినవాళ్ళని కూడా చెయ్యమనండి.